దిగు వేళ విమానము: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవములు

మామునూరు విమానాశ్రయ పునరుద్ధరణకు 2025 ఫిబ్రవరి నెలాఖరున కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతి నొసగిన నాటినుండి ఓరుగల్లు, హనుమకొండ, కాజీపేటలలో విమానములను గూర్చిన ప్రసంగము మిక్కిలి పెరిగినది. నిజాము కాలమున, 1930 ప్రాంతమున ఏర్పడి, 1981 తరువాత రాకపోకలు నిలిచిపోయిన ఆ క్షేత్రము మరల సజీవమగునన్న ఆనందము అందఱకును కలదు. ఆ ఆనందమును వెన్నంటి ఒక భయమును కలదు. దేశమున ఎచ్చటనో ఒక చిన్న జెట్టు విమానము దిగుచు దిగుచు కూలినదని వార్త వచ్చినంతనే కారణములు పలువురి నోట పలు విధములుగా వినవచ్చును. వానిలో పెక్కులు యథార్థమునకు దూరములు. దేనికి భయపడవలెనో దానిని విడిచి, భయపడ నక్కఱలేనిదానికి భయపడుట అందువలన మనకు అలవాటగుచున్నది.

తెలుగునాటితో సంబంధమున్న ఉదాహరణమునే గ్రహింతము. 2023 సెప్టెంబరు 14వ తేదీన విశాఖపట్నమునుండి ఆఱుగురు ప్రయాణికులతోను ఇద్దఱు పైలట్లతోను బయలుదేరిన లియర్‌జెట్ 45 విమానము, సాయంకాలము 5 గంటల వేళ, భారీ వర్షములో, ముంబయి విమానాశ్రయపు 27వ నంబరు రన్‌వేపై దిగబోయి, దానికి కుడిప్రక్కనున్న నేలను తాకి, విఱిగి, మంటల పాలయినది. అప్పటి దృశ్యత 700 మీటర్లు. విఱిగిన ఆ విమానమును టీవీలో చూచినవారికి లోపలివారు బ్రతికియుందురన్న ఆశ కలుగదు. కాని ఎనిమిదిమందియు ప్రాణములతో బయటపడిరి. విమానము కూలినచో ఎవ్వరును మిగులరన్న మాట ఈ విధముగా మొదటనే వీగిపోవుచున్నది. వేగము తగ్గించుకొని నేలకు చేరువయైన విమానము, అగ్నిమాపక దళము సిద్ధముగా నున్న విమానాశ్రయపు ఆవరణలోనే పడినప్పుడు, ప్రాణరక్షణకు అవకాశము మనము తలచుదానికంటె ఎంతయో అధికము.

చిన్న విమానము గనుక గాలివానకు నిలువలేకపోయినదని చెప్పుదురు. మనవారి స్మృతిలో 2004 ఏప్రిల్ 17న కరీంనగరమునకు ఎన్నికల ప్రచారార్థము బయలుదేరి బెంగళూరు సమీపముననే కూలిన సినీనటి సౌందర్య విమానమును, 2009 సెప్టెంబరు 2న నల్లమల అడవిలో కూలిన అప్పటి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టరును, ఈ జెట్టు విమానములును ఒక్క రాశిగా కలిసిపోయినవి. అవి మూడును మూడు వేఱు జాతులు. సౌందర్య ఎక్కినది ఒకే ఇంజనుగల సెస్నా. అది కూలినది దిగునప్పుడు కాదు, ఎగిరిన కొలది నిమిషములకే. లియర్‌జెట్ 45 రెండు టర్బోఫ్యాన్ ఇంజనులు గలది. పెద్ద ప్రయాణిక విమానములకు అమెరికాలో ఏ శ్రేణి యోగ్యతా ప్రమాణములు వర్తించునో ఆ శ్రేణిలోనే అదియు అనుమతి పొందినది. భేదము విమానపు పరిమాణమున కంటె దానిని నడపు విధానమున నున్నది. నిత్యము ఒకే మార్గమున తిరుగు ఎయిర్‌లైన్ విమానమునకు వెనుక వాతావరణమును, ఇంధనమును, ప్రత్యామ్నాయ విమానాశ్రయమును గణించుచు ఒక బృందము పనిచేయుచుండును. అద్దెకు తిరుగు జెట్టు విమానమునకు వేళను నిర్ణయించువాడు అద్దె చెల్లించినవాడు. దిగవలసిన చోటు పైలటుకు ఒక్కొక్కప్పుడు క్రొత్తది. ఆ చోట దారిచూపు పరికరములు తక్కువయు కావచ్చును.

ఇక వానయే కూల్చినదన్న మాట. వాన విమానమును క్రిందికి త్రోయుట అరుదు. అది పైలటునుండి రన్‌వేను మఱుగుపఱచును. ఐఎల్ఎస్ అను రేడియో సాధనముండగా చూడవలసిన పని ఏమున్నదని కొందఱు ప్రశ్నింతురు. విమానము తనంతట తానే దిగునని నమ్మువారును పెక్కుమంది. ఐఎల్ఎస్ సామాన్యముగా మూడు డిగ్రీల వాలులో విమానమును రన్‌వే వైపునకు నడిపించును. కాని దాని మొదటి శ్రేణిలో, నేలకు 200 అడుగుల ఎత్తునకు వచ్చుసరికి రన్‌వే గాని దాని దీపములు గాని పైలటు కంటికి కనబడి తీరవలెను. లేనిచో మరల పైకి లేవవలెను. పూర్తిగా యంత్రమే దింపగల ఏర్పాటు కొన్ని విమానములందు, కొన్ని రన్‌వేలయందు, ప్రత్యేక శిక్షణ పొందినవారికి మాత్రమే లభ్యము. ఆ 200 అడుగులనుండి నేల చేరుటకు పట్టుకాలము సుమారు 17 సెకండ్లు. ఆ స్వల్పకాలమున కన్నులు పరికరములను విడిచి బయటి వానలోనికి మరలవలెను. ముంబయి ప్రమాదముపై వెలువడిన ప్రాథమిక నివేదికలో కానవచ్చునదియు ఇట్టిదే: ఆటోపైలట్ తొలగిన తరువాత విమానము క్రమముగా కుడివైపునకు జరిగినది, కడపట స్టాల్ హెచ్చరిక మ్రోగినది.

ఈ స్టాల్ అన్నదానిని ఇంజను ఆగిపోవుటగా పలువురు గ్రహించుచున్నారు. అది రెక్కకు సంబంధించిన స్థితి. ముక్కు మిక్కిలి పైకెత్తబడినప్పుడో, తక్కువ వేగమున గట్టిగా మలుపు తీసికొన్నప్పుడో, గాలి రెక్కను అంటి ప్రవహించుట మాని విడిపోవును. ఇంజనులు పూర్తి బలముతో పనిచేయుచున్నను రెక్క మోయజాలదు. 2017 మే నెలలో న్యూయార్కు చెంత టెటర్‌బరో వద్ద లియర్‌జెట్ 35, 2021 జూలైలో కాలిఫోర్నియాలోని ట్రక్కీ వద్ద ఛాలెంజర్ 605, రన్‌వేకు ఎదురుగా తిన్నగా రాక చుట్టు తిరిగి దిగబోవుచు ఈ రీతినే కూలినవి. రెండింటను ఇంజనుల లోపము కారణము కాదు.

అన్నింటికంటె ప్రమాదకరమైన అపోహ వేఱొకటి కలదు. దిగబోయిన విమానము దిగక మరల పైకి లేచినచో, అనగా గో-అరౌండ్ చేసినచో, లోపలివారు దేవుని తలచుకొందురు. దిగిన పిదప పైలటునకు పని రాదని చెప్పుకొందురు. వాస్తవమున అది పైలటునకు నేర్పబడిన మామూలు విద్య, చక్కని విద్య. రన్‌వే కనబడని విధమున మేఘములున్నప్పుడు 1000 అడుగుల ఎత్తునకు వచ్చుసరికి వేగము, వాలు, దిశ, చక్రముల స్థితి అన్నియు సరిగా కుదిరి యుండవలెను. కుదరనిచో ప్రయత్నమును విరమింపవలెనని విమానయాన సంస్థల నియమము. ఆ విరమణను అవమానముగా భావించు ప్రయాణికుడు తెలియకయే పైలటుపై భారము మోపుచున్నాడు. 2001 మార్చి 29వ తేదీ సంధ్యవేళ అమెరికాలోని ఆస్పెన్ వద్ద గల్ఫ్‌స్ట్రీమ్ 3 జెట్టు విమానము కొండను తాకి 18 మందియు మరణించిరి. రన్‌వే కనబడకుండగనే నియమిత ఎత్తునకు దిగువకు దిగుట ముఖ్య కారణమని దర్యాప్తు తేల్చినది. విమానము వేఱొక ఊరికి మరలవలసి రావచ్చునని విని అద్దెకు తీసికొన్న వ్యక్తి ఆగ్రహించుటవలన కెప్టెనుపై పడిన ఒత్తిడిని అది సహాయక కారణములలో స్పష్టముగా లిఖించినది. ఎన్నికల వేళ నాయకులును, వ్యాపారవేళ ధనికులును ఇట్టి విమానములను విరివిగా వాడు మన దేశమున ఆ వాక్యమును అద్దె విమానపు ప్రతి తలుపుమీదను వ్రాయింపవలెనని నా మనవి.

బ్లాక్ బాక్సు దొరకిన మఱునాడే కారణము తెలియునన్న ఆశ మఱియొకటి. అది నల్లనిది కాదు, శిథిలములలో తేలికగా కనబడుటకై నారింజరంగు పూయబడినది. మన దేశమున 2012లో ఏర్పడిన విమాన ప్రమాద దర్యాప్తు సంస్థ, అంతర్జాతీయ నియమానుసారము, ప్రాథమిక నివేదికను 30 దినములలో నొసగవలెను. అందు జరిగినది ఉండును. ఏల జరిగినదో తుది నివేదికలోనే రావలెను. ఆ దర్యాప్తు ఉద్దేశ్యము దోషిని శిక్షించుట కాదు, మరల జరుగకుండ చేయుట.

మామునూరు రన్‌వే విస్తరణకై నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడెపల్లి ప్రాంతములలో 253 ఎకరముల సేకరణకు రాష్ట్ర ప్రభుత్వము 205 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. ఎంత పెద్ద విమానము దిగునన్న ప్రశ్న నగరమున అంతటను వినవచ్చుచున్నది. అంతకంటె ముందు అడుగదగినవి ఐఎల్ఎస్ ఎప్పుడు వచ్చును, వాతావరణ పరికరములు రాత్రింబవళ్లు పనిచేయునా, రన్‌వే చేరువదారి దీపములు చెడినచో ఎన్ని దినములలో బాగుచేయుదురు అన్నవి. 2025 మే 22వ తేదీ తెల్లవాఱుజామున, దట్టమైన పొగమంచులో, కాలిఫోర్నియాలోని శాన్‌డియాగోలో సెస్నా సైటేషన్ జెట్టు విమానము దిగబోవుచు విద్యుత్తు తీగలను తాకి ఇండ్లపై కూలి, అందలి ఆఱుగురును మరణించిరి. ఆ చిన్న విమానాశ్రయమున వాతావరణ పరికరము అప్పుడు పనిచేయుట లేదు. దారిచూపు దీపములలో కొన్ని ఏండ్ల తరబడి వెలుగుట లేదు. పైలటు పొరుగు విమానాశ్రయపు వాతావరణమును అడిగి తెలిసికొని, దానిని ఆధారముగా గొని ముందుకు సాగినాడు.