విన్యాసపత్ర పరీక్ష: అనకాపల్లి పదసేకరణ మొక యుదాహరణముగా

పదసూచికలు కూర్చుటకును, ప్రయోగములు లెక్కించుటకును, పదములను అకారాదిగా పేర్చుటకును నేడు కంప్యూటరు ప్రోగ్రాములు విరివిగా వినియోగపడుచున్నవి. అట్టి ప్రోగ్రామును పరిశోధకుడు స్వయముగా వ్రాయకపోవచ్చును. దానితోడి చిన్న ఫైలును మాత్రము అతడే నింపవలసి యుండును. పదము లేజిల్లావి, ఏ సంవత్సరమున సేకరింపబడినవి, ఎన్నిమార్లు కనబడిన పదమును గ్రహింపవలెను, అరసున్నను పాటింపవలెనా విడువవలెనా అను నిర్ణయము లందులో నుండును. దీనిని కాన్ఫిగరేషన్ ఫైలందురు. ఈ వ్యాసమున విన్యాసపత్రమని వ్యవహరింతును. ప్రోగ్రాములోని దోషము తరచుగా పనిని నిలిపివేసి తన్ను తాను చాటుకొనును. విన్యాసపత్రములోని దోషము పనిని సాగనిచ్చి ఫలితమును మార్చును. దానిపై సిద్ధాంతము నిలిపి అచ్చువేసిన పిదపగాని అది బయటపడదు. ఒక్కొక్కప్పుడు అప్పటికిని బయటపడదు.

ఉదాహరణమునకు అనకాపల్లిని గ్రహింతము. శారదానదీతీరమందలి యీ పట్టణము బెల్లపు వర్తకమునకు ప్రసిద్ధము. చెరకు పరిశోధన కేంద్ర మిచట 1913లో నెలకొనెను. గానుగ, పెనము, దిమ్మ మొదలుగా బెల్లపు వంటకు సంబంధించిన పదములను సేకరించు విద్యార్థి యొకడు, వానిని భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశ ప్రథమ సంపుటముతోను, 1885 నాటి శబ్దరత్నాకరముతోను పోల్చదలచె ననుకొందము. అతని విన్యాసపత్ర మిట్లుండును:

జిల్లా = అనకాపల్లి
సంవత్సరము = 1962
కనీససంఖ్య = 3
అరసున్న విడుపు = కాదు

చూచుటకు నిర్దుష్టముగానే యున్నది. ఇందలి చిక్కులను నాల్గవ పంక్తినుండి విచారింతము. ఇట్టి ఫైలునుండి చదివినదంతయు మొదట అక్షరమాలయే; సంఖ్య గాని, అవును–కాదు అను సత్యాసత్యవిలువ గాని కాదు. పైథాన్ భాషలో శూన్యము కాని యే అక్షరమాలనైనను నేరుగా సత్యాసత్యములకు మార్చినచో అది సత్యమగును. అనగా ‘కాదు’ అని వ్రాసినను ప్రోగ్రాము దానిని ‘అవును’ అని గ్రహించును! అరసున్న లన్నియు రాలిపోవును. సంవత్సరార్థకమైన ‘ఏఁడు’, సంఖ్యావాచకమైన ‘ఏడు’ ఒక్క పదమై లెక్కకెక్కును. ఆ భాషలోని కాన్ఫిగ్‌పార్సర్ అను పరికరమున సత్యాసత్యములకై ప్రత్యేకమైన పఠనవిధి కలదు. అది ఆంగ్లపదములను, 1, 0 అంకెలను మాత్రమే యెరుగును. ‘కాదు’ అని చూచినచో దోషమని నిలుచును. నిలుచుటయే మేలు. తెలుగు పదములను కావలసినచో ఆ పట్టికలో మనము చేర్చుకొనవచ్చును. అంకెల విషయమున మాత్రము పైథాన్ ఉదారమైనది: ౧౯౬౨ అని తెలుగంకెలలో వ్రాసినను సంఖ్యగా గ్రహించును.

లిపివిషయ మింకొకటి కలదు. ‘అనకాపల్లి’ కంటి కైదక్షరములు; యూనికోడులో తొమ్మిది సంకేతములు; యూటీఎఫ్-8 పద్ధతిలో నిరువదియేడు బైట్లు. జావా భాషలో ప్రాపర్టీస్ ఫైళ్లను బైట్లుగా చదువు పాతపద్ధతి ఐరోపా లిపిసంకేతములనే యూహించుటచే, తెలుగును నేరుగా వ్రాసినచో అర్థము లేని గుర్తులు వచ్చెడివి. అనువాదపాఠములు గల రిసోర్సు బండిళ్లను యూటీఎఫ్-8గా చదువుట 2017లో జావా 9తో గాని సహజవిధి కాలేదు. మరియు ‘పైరు’ అను పదమందలి ఐత్వమును ఒకే సంకేతముగా గాని, ఎత్వమును దాని క్రింది గుర్తును కలిపి రెండుగా గాని వ్రాయవచ్చును. చూపునకు భేదము లేదు. పోల్చినచో ప్రోగ్రామునకు వేర్వేరు పదములు. ఈ రెంటిని యూనికోడే తుల్యములని చెప్పుచున్నది గావున, చదివినవెంటనే ఏకరూపమునకు తెచ్చుట న్యాయము. ‘అనకాపల్లె’ అని వ్రాసినపుడు మాత్రము చెప్పకుండ ‘అనకాపల్లి’గా దిద్దుట నా కిష్టము కాదు. అది పాఠపరిష్కర్త చేయవలసిన నిర్ణయము, యంత్రము చేయవలసినది కాదు. దగ్గరి రూపమును చూపి, తిరస్కరించుట చాలును.

శాబ్దబోధమునకు మన శాస్త్రకారులు చెప్పిన ఆకాంక్షా, యోగ్యతా, సన్నిధు లిచట జ్ఞప్తికి వచ్చును. కావలసిన అంశము లన్నియు నున్నవా యనునది ఆకాంక్ష వంటిది. పేరును విలువయు తమ తమ తావులలో పొసగియున్నవా యనునది సన్నిధి వంటిది. ఈ రెంటిని పరీక్షించుట సులభము. యోగ్యతయే కష్టము. నిప్పుతో తడుపుచున్నా డను వాక్యమున వ్యాకరణదోషము లేదు, పొసగు అర్థము లేదు. పై పత్రమున మొదటి రెండు పంక్తు లట్టివే. అనకాపల్లి జిల్లా విశాఖపట్టణము జిల్లానుండి 2022 ఏప్రిల్ 4న వేరుపడినది. 1962లో ఆ పేరి జిల్లాయే లేదు. ఏ పంక్తి కాపంక్తి సరియైనదే. కలిపి చదివినపుడు అసంభవము. దీనిని పట్టనిచో పాతపదము లన్నియు విశాఖపట్టణమునకును, కొత్తవి అనకాపల్లికిని చేరి, లేని మాండలికభేద మొకటి పటముపై వెలయును.

ఆబ్జెక్టు పద్ధతి యిచట నిజముగా నుపకరించును. విన్యాసపత్రమునకు ఒక క్లాసు నేర్పరచి, దాని నిర్మాణవిధిలోనే పరీక్ష జరుపవలెను. పరీక్షలో నెగ్గినగాని ఆబ్జెక్టు పుట్టరాదు. పుట్టిన పిదప దాని విలువలు మారరాదు. అపుడు తక్కిన ప్రోగ్రాములో నెచ్చటను మరల సందేహింప నక్కరలేదు. ఫైలును చదువు క్లాసు వేరుగా నుండవలెను. రేపు ఫైలు రూపము మారినను పరీక్షకు మార్పుండదు. ప్రతి నియమమును ఒక్కొక్క క్లాసుగా వ్రాసి, అన్నిటికి ‘పరీక్షించు’ అను ఒకే పేరి విధి నిచ్చినచో, జిల్లా–సంవత్సర నియమమును తరువాత చేర్చుటకు పాత నియమములను ముట్టనక్కరలేదు. మొదటి దోషముకడనే ఆగక, అన్నిటిని ప్రోగుచేసి, పంక్తిసంఖ్యతో ఒక్కమారే చూపుట విద్యార్థి ఓర్పును కాపాడును.

జిల్లా చిక్కును తీర్చుటకు ఒకే అంశమును రెండుగా విడదీయుట ఉత్తమము: సేకరణకాలపు జిల్లా, నేటి జిల్లా. మొదటిదానికి మాత్రమే సంవత్సరనియమము వర్తించును. పటము రెండవదానిననుసరించి గీయబడును. పరీక్షలో నెగ్గిన విన్యాసపత్రపు ప్రతిని, అందు వ్రాయక విడిచినచోట ప్రోగ్రాము తానుగా గ్రహించిన విలువలతోసహా, ఫలితపట్టికకు అనుబంధముగా ముద్రింపవలెను. కనీససంఖ్య 3 గాక 2 అయినచో ఎన్ని పదములు పెరుగునో చదువరి అపుడు తానే చూచుకొనగలడు.