మూసిన తలుపునకు ఈవల

కుమారుని గది వాకిట తల్లి అన్నపు పళ్లెరము నుంచి, తలుపు తట్టక, అడుగుల చప్పుడైనను వినబడనీయక వెడలిపోవుటయు, కొంత తడవునకు ఆ పళ్లెరము ఖాళీయై మరల వాకిటనే కనబడుటయు, జపానుదేశమున కొన్ని యిండ్లలో ఏండ్లతరబడి సాగుచున్న నిత్యకృత్యము. ఈ ఏకాంతవాసమును అచటివారు 'హికికొమొరి' యందురు.

ఈ మాట దేశమంతట వ్యాపించుటకు ముఖ్యకారకుడు సైతో తమాకి యను మనోవైద్యుడు. 1961లో జనించిన ఈయన 1998లో ప్రకటించిన గ్రంథమున, ఆరు మాసములు గాని అంతకు మించి గాని సమాజమునుండి వైదొలగి యింటనే యుండుటయు, దానికి వేరొక మనోవ్యాధి ప్రధానకారణము గాకుండుటయు దీని లక్షణములని నిర్వచించెను. ఇది రోగనామము గాదు, ఒకానొక స్థితి యని ఆయన చెప్పుట నాకు మిక్కిలి ఉదాత్తముగా తోచును; ఏలయన 'సోమరి' యను నిందకును 'పిచ్చివాడు' అను ముద్రకును నడుమ నలుగుచున్న ఆ బిడ్డలకు నిలువ నింత చోటు దానివలననే దొరికినది.

వ్యక్తి, కుటుంబము, సమాజము అను మూడు వలయములు సాధారణముగ నొకదానినొకటి తాకుచుండును; ఇచట ఆ స్పర్శ తెగిపోవును. కొడుకు తలిదండ్రులతో మాటాడడు. తలిదండ్రులు సిగ్గుచేత ఇరుగుపొరుగువారితో చెప్పుకొనరు. కావుననే సైతో తొలుత తలిదండ్రులకు మార్గము చూపును: మందలింపులు మాని, ఉదయమున ఒక పలకరింపు, బదులు రాకున్నను మరునాడు మరల నొక పలకరింపు. బిడ్డను బలవంతముగ వెలికి లాగుట చికిత్స గాదు, హింస.

కాలము మాత్రము ఆగలేదు. నాటి యువకులు నడివయస్కులైరి. 2019లో ప్రభుత్వము ప్రకటించిన అంచనాలో 40 మొదలు 64 ఏండ్లవారే సుమారు 6,13,000 మంది. ఎనుబదియేండ్ల తల్లి తన పింఛనుతో ఏబదియేండ్ల కొడుకును పోషించుచున్న యీ దుస్థితిని జపానీయులు '8050' సమస్య యనుచున్నారు. పళ్లెరము నేటికిని వాకిటనే యున్నది. దానిని మోయు చేతులు వణకుచున్నవి.