పరస్థలమున నాంగ్లము నేర్పు పంతులమ్మ

వేసవి సెలవులు ముగియవచ్చినవనగా మన గృహములయందు బిల్లల చదువుమాటయే ప్రధానమగుచుండును. ఏ బడిలో నాంగ్లము చక్కగా జెప్పుదురు, రుసుమెంత, బండి వీధిమొగదలకు వచ్చునా, దుస్తులెక్కడ కొనవలెను అని యిరుగుపొరుగులను మనమడుగని ప్రశ్న యుండదు. అయినను, ఆ యాంగ్లము నేర్పునామె యెక్కడినుండి వచ్చినది, ఎక్కడ నివసించుచున్నది, ఆమె జీతము నెలనెలయు జేతికందుచున్నదా యని యడుగువారు మిక్కిలి యరుదు. పగటివేళ మన బిడ్డను మనకంటె నెక్కువసేపు కనిపెట్టి చూచునది యామెయే. కావున నామె బ్రతుకుదెరువును గూర్చి నాలుగు మాటలు విన్నవింపదలచితిని.

ఆంగ్లముపై మోజు మన ప్రాంతమునకు గ్రొత్తది గాదు. విజయనగరమున 1857 లో బాఠశాలగా నెలకొన్న మహారాజావారి విద్యాలయము 1879 లో గళాశాలయైనది. గురజాడ అప్పారావుగారు 1884 లో మహారాజావారి యున్నత పాఠశాలయందు 25 రూపాయల జీతముపై నుపాధ్యాయులుగా బ్రవేశించిరి. వారి కన్యాశుల్కము 1892 లో బ్రదర్శింపబడి, 1897 లో నచ్చుపడి, 1909 లో మరల బెంచి వ్రాయబడినది. అందు వెంకటేశము తల్లి ముచ్చటపడి యడుగగా, గిరీశమును శిష్యుడును నోటికి వచ్చిన యాంగ్లపు ముక్కలు పలికి యామెను మురిపించిన ఘట్టము మీకందరకు దెలిసినదే. ఆ తల్లి కోరినది వినసొంపైన చప్పుడు. ఆమెకు దొరకినదియు నదియే. నేటికిని మనలో బలువురము ఆ చప్పుడునకే వెల గట్టుచున్నాము. చప్పుడునకు వెల గట్టిన చోట దానిని బలికించు మనుష్యుని కష్టసుఖములు మరుగున బడిపోవును.

ఈ మోజు పరాకాష్ఠ నందిన దేశము దక్షిణ కొరియా. అచ్చట బిల్లలు బడి విడిచిన వెనుక మరల ప్రైవేటు శిక్షణాలయములకు బోవుదురు. వానికి హాగ్వన్‌లని పేరు. ఈ చదువుల పోటీ మితిమీరినదని 1980 లో నా దేశపు ప్రభుత్వము ప్రైవేటు పాఠములను నిషేధించెను. ఆ నిషేధము చెల్లదని 2000 సంవత్సరమున రాజ్యాంగ న్యాయస్థానము తీర్పు చెప్పెను. రాజధానియగు సియోలులో రాత్రి 10 గంటలు దాటిన పిమ్మట నిట్టి చోట్ల బాఠములు చెప్పరాదని కట్టడి చేయవలసివచ్చినదనిన, అచ్చటి బాలుర యవస్థయు, వారి గురువుల యవస్థయు మనమూహింపవచ్చును.

హాగ్వన్‌లలో నాంగ్లము నేర్పుటకు విదేశీయులను రప్పింతురు. వారికి ఇ-2 యను వీసా నిత్తురు. అమెరికా, కెనడా, బ్రిటను, ఐర్లండు, ఆస్ట్రేలియా, న్యూజిలండు, దక్షిణాఫ్రికా అను నేడు దేశముల పట్టభద్రులకే యది లభించును. మన దేశమునకును గొరియాకును 2009 లో గుదిరి 2010 జనవరి 1 నుండి యమలునకు వచ్చిన యార్థిక యొడంబడికలో, తగిన పట్టమును ఉపాధ్యాయ యోగ్యతాపత్రమును గల భారతీయులు అచ్చటి పాఠశాలలలో నాంగ్ల సహాయోపాధ్యాయులుగా బనిచేయు నవకాశము కల్పింపబడినది. ఆ యేర్పాటు పాఠశాలలకే గాని హాగ్వన్‌లకు గాదు.

కాగితముమీద హాగ్వన్ కొలువు ముచ్చటగనే యుండును. ఏడాది యొడంబడిక, నెలజీతము, ఉండుటకు గది. చిక్కంతయు నందలి ముడులలో నున్నది. వీసా ఆ యజమానితో ముడివడియుండును. గడువునడుమ మఱియొక చోటికి బోవలెనన్న నాతని సమ్మతిపత్రము కావలెను. గదియు నాతనిదే, కొలువు పోయిననాడు తలమీది కప్పును బోవును. ఏడాది పూర్తిచేసిన యుద్యోగికి వెడలునపు డొక నెల జీతమునకు దక్కువగాని సొమ్ము చెల్లింపవలెనని యచ్చటి చట్టము. దానిని దప్పించుకొనుటకై కొందరు యజమానులు పదునొకండవ మాసమున నేదో నెపము పెట్టి పొమ్మందురు. మఱికొందరు, నీవు ఉద్యోగివి కావు, స్వతంత్ర గుత్తదారువని కాగితముపై వ్రాసి పింఛను నిధికిని ఆరోగ్య భీమాకును దాము గట్టవలసిన భాగము నెగవేయుదురు. పేరు మార్చినంతమాత్రమున నుద్యోగి యుద్యోగి గాకపోడని యా దేశపు న్యాయస్థానములు చెప్పియున్నవి. కార్మికశాఖకు ఫిర్యాదు చేసి బాకీ రాబట్టుకొన్నవారును గలరు. అయినను భాష రానిచోట, బంధువులు లేనిచోట, ఎందరు కచేరి మెట్లెక్కగలరు?

ఇదియంతయు దూరదేశపు గాథ యని తలపకుడు. మన యాంధ్రదేశపు టాంగ్లమాధ్యమ పాఠశాలలలో మలయాళదేశమునుండి వచ్చిన ఉపాధ్యాయినులు చిరకాలముగా బనిచేయుచున్నారు. అట్లే మన శ్రీకాకుళము, టెక్కలి, బొబ్బిలి, పార్వతీపురముల బిడ్డలు డిగ్రీయు, బి.ఇడి.యు ముగించి విశాఖపట్టణము, విజయవాడ, హైదరాబాదులలోని వసతి పాఠశాలలకు బోయి, పగలు పాఠములు చెప్పి రాత్రి బిల్లలకు గాపు గాయుచున్నారు. దేశము వేరైనను ముడులు మాత్ర మవియే.

మా వీధిలో నొక చిన్న వాటాయందు మలయాళదేశపు పంతులమ్మలిద్దరు రెండేండ్లు నివసించిరి. గది పాఠశాలవారిది. వారి యసలు యోగ్యతాపత్రములు కచేరి బీరువాలో నుండెను. ఒక పుష్యమాసమున జిన్నామె తల్లికి జబ్బు చేసినట్లు కబురు వచ్చినది. సెలవడుగగా, వెళ్లిన మరల రానవసరము లేదనియు, ఏప్రిలు గడువక పత్రము లీయమనియు యజమాని పలికెను. “అక్కా! అమ్మ దగ్గరకు బోయిన నా చదువంతయు నిక్కడ నుండిపోవును గదా” యని యా పిల్ల మా వంటయింటి గడపపై గూర్చుండి యేడ్చినది. మా వారు బడిపంతులు గావున నామెచేత విద్యాశాఖాధికారికి విన్నపము వ్రాయించిరి. మార్చిలో బత్రములు చేతికి వచ్చినవి. జనవరి జీతము మాత్రము నేటికిని రాలేదు.

కొరియాలో బదునొకండవ మాసమెట్టిదో, మన కొన్ని బడులలో మే మాస మట్టిది. ఏప్రిలులో లెక్క ముగించి జూనులో మరల జేర్చుకొందురు. నడుమ జీతము లేదు. పైగా నా మండుటెండలలోనే కొత్త పిల్లలను జేర్పింపుడని యుపాధ్యాయినులను వీధివీధికి బంపుదురు. చేత గరపత్రములు బట్టుకొని మన తలుపు దట్టి మంచినీళ్లడిగి త్రాగి పోవువారు వారే. ఏటేట నిట్లు ఖాతా తెగుచుండుటవలన బదేండ్లు పనిచేసినను కొలువు పుస్తకమున నెడతెగని సేవ కనబడదు.

చట్టములు లేకపోలేదు. మన రాష్ట్రపు 1982 నాటి విద్యాచట్టము ప్రైవేటు పాఠశాలలోని యుపాధ్యాయుని విచారణ లేక తొలగింపరాదని విధించినది. 1994 జనవరి 1 నాటి ప్రభుత్వపు టుత్తరువులోని నిబంధనలు రుసుముల రాబడిలో సగము జీతములకు వినియోగింపవలెనని చెప్పినవి. ఇరువది మందియు నంతకు మించియు బనిచేయు సంస్థలో భవిష్యనిధి కట్టవలెను. గ్రాట్యుటీ విషయమున గొంత పోరాటమే జరిగినది. ఉపాధ్యాయుడు ఆ చట్టమున జెప్పిన యుద్యోగి కాడని 2004 లో సుప్రీముకోర్టు తేల్చెను. దానిపై 2009 లో బార్లమెంటు చట్టమును సవరించి, 1997 ఏప్రిలు 3 నుండియే యా హక్కు వర్తించునట్లు చేసెను. ప్రైవేటు పాఠశాలలవారు వ్యాజ్యమాడగా 2022 ఆగస్టులో సుప్రీముకోర్టు సవరణనే నిలిపినది. ప్రసూతి సెలవును 2017 లో 26 వారములకు బెంచిరి. ఈ రెండు హక్కులును సామాజిక భద్రతా స్మృతిలో జేరి, 2025 నవంబరు 21 నుండి యా స్మృతి యమలునకు వచ్చినది. అయినను నియామకపత్రమే లేనిచో నే హక్కునకు సాక్ష్యమేది?

ఆధారము లేని కొలువు ఎంత పెళుసో 2020 మార్చిలో బడులు మూతపడినపుడు లోకమెల్ల జూచినది. పాఠము చెప్పిన చేతులు కూరలు తూచినవి, నాట్లు వేసినవి. తెలంగాణ ప్రభుత్వము 2021 ఏప్రిలులో ప్రైవేటు ఉపాధ్యాయులకు 2000 రూపాయలును 25 కిలోల బియ్యమును ఇచ్చుటకు బూనుకొన్నదనిన, ఆ కుటుంబముల పొయ్యి యేస్థితిలో నుండెనో వేరుగ జెప్పనేల?

పాఠశాల యజమానుల పక్షమునను ఒక మాట వినవలెను. మండల కేంద్రములలోని చిన్న బడులకు వచ్చు రుసుములు స్వల్పము. రైతులు పంట చేతికి వచ్చినగాని చెల్లింపరు; కొందరు చెల్లింపకయే మఱియొక బడికి బోవుదురు. అట్టివారు గొప్ప జీతము లెక్కడినుండి తెత్తురు? ఈ మాట నిజమే. అయితే తక్కువ జీతము వేరు, చెప్పిన జీతము నెగవేయుట వేరు. పేదరికము మొదటిదానికి గారణము గావచ్చును. పత్రములు బీరువాలో బెట్టి తాళము వేయుటకు బేదరికమెట్లు కారణమగును? నియామకపత్రము వ్రాసియిచ్చుటకు ఒక కాగితము చాలును.

జీతము పుచ్చుకొని చదువు చెప్పువానిని మనుస్మృతి పంక్తి బాహ్యునిగా నెంచినది. జీతమిచ్చి చదువుకొనువానిని గూడ నా వరుసలోనే చేర్చినది. మాళవికాగ్నిమిత్రమున గాళిదాసు, విద్యను కేవలము జీవికకై వాడుకొనువానిని జ్ఞానమును సరకుగా నమ్ము వర్తకునిగా జెప్పించినాడు. ఆ కాలమున గురువునకు రాజులిచ్చిన మాన్యములుండెను, శిష్యులు తెచ్చు భిక్షయు గట్టెలు నుండెను. ఇప్పుడు మాన్యములును లేవు, భిక్షయు లేదు. గురువు దైవమని శ్లోకము చదివి, జీతముమాట యెత్తిన మాత్రమున నామెకు ధనాశ యని నిందించుట పాతకాలపు మాటను బట్టుకొని పాతకాలపు భారమును వదలుకొనుటయే.

ఇక మనము చేయదగినదేమి? మనము చట్టము చేయువారము కాము, బడి నడుపువారము కాము. కాని రుసుము చెల్లించునది మన యింటి సొమ్మే, అడుగు నోరు మనకున్నది. బిడ్డను జేర్పించునపుడు, మీ పంతులమ్మ లెన్నేండ్లనుండి యిక్కడ నున్నారని యడుగుడు. ఏటేట ముఖములు మారుచున్న బడిలో నాంగ్లమును నిలువదు. నిరుడు నేర్పినామె లేదు, క్రొత్తామెకు బిడ్డ సంగతి తెలియదు. తల్లిదండ్రుల సమావేశమున మే నెల జీతముమాట నొక్కరు కదలించిన మఱి నలుగురు తలయూపుదురు. మనమును రుసుమును సకాలమున జెల్లింతము. మన బాకీ నెపముగా నొకరి జీతము నిలిచిపోరాదు.

మన యాడుబిడ్డ పరస్థలమునకు బంతులమ్మగా బోవుచుండిన, పెట్టె సర్దుచునే నాలుగు సంగతులు చెప్పి పంపుడు. జీతము, పనిగంటలు, వేసవి జీతము, గది యద్దె, మానుకొనుటకు ముందుగా దెలుపవలసిన గడువు - ఇవి వ్రాసిన పత్రము చేత బడనిదే పాఠము మొదలు పెట్టవద్దనుడు. అసలు పత్రములు చూపి వెనుకకు దీసికొని, నకళ్లు మాత్రమే యిమ్మనుడు. జీతము బ్యాంకి ఖాతాలో బడునట్లు కోరుమనుడు. భవిష్యనిధి పాసుపుస్తకమును నెలకొకసారి ఫోనులో జూచుకొమ్మనుడు. ఇంటికి దిరిగి వచ్చుటకు జాలినంత సొమ్ము ఎల్లప్పుడు తనయొద్ద వేరుగా నుంచుకొమ్మనుడు. అది కదపరాని సొమ్ము.

ఈ వేసవిలో గరపత్రములతో మన గడప ద్రొక్కు నా పంతులమ్మను ఎండలో నిలువబెట్టక, లోపలికి బిలిచి మజ్జిగ యిచ్చి, “అమ్మా, ఈ నెల జీతము మీకిచ్చుచున్నారా?” యని యడుగుడు. ఆమె చెప్పు జవాబును బట్టి బిడ్డను ఏ బడిలో వేయవలెనో మీకే తెలియును.