చిల్గోజా కాయలో పురుగు: చెట్టుకు మిగిలేదెంత?

హైదరాబాద్ బేగంబజార్ డ్రైఫ్రూట్ దుకాణాల్లో కిలో వేల రూపాయలు పలికే చిల్గోజా గింజలు తోటల్లో పండేవి కావు. ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్‌తో పాటు మన హిమాచల్‌ప్రదేశ్‌లోని కిన్నౌర్‌లో సహజంగా పెరిగే ఒక పైన్ చెట్టు కాయల నుంచి తీసినవి. సుమారు 1,800 నుంచి 3,300 మీటర్ల ఎత్తున, పొడి కొండవాలుల్లో పెరిగే ఈ చెట్టును అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ముప్పుకు చేరువవుతున్న జాతుల్లో చేర్చింది.

ఈ గింజల కోసం మనుషుల కంటే ముందే కాయలోకి దూరేది ఒక చిన్న రెక్కల పురుగు సంతానం. పేరు డయోరిక్ట్రియా అబియెటెల్లా. రెక్కలు చాచినా సుమారు మూడు సెంటీమీటర్లే ఉండే, బూడిదరంగు మీద వంకర గీతలున్న ఈ పురుగు రాత్రిపూట తిరుగుతుంది. దాని గొంగళి పచ్చి కాయను తొలుచుకుని లోపలికి వెళ్లి, పొలుసులను, గింజలను తింటుంది. వంకాయ తరిగినప్పుడు బయటపడే పురుగు పద్ధతి కూడా ఇదే. ఈ రెండూ దగ్గరి బంధుత్వమున్న కుటుంబాలవి. కాయ పైన బంక, దానికి అంటుకున్న పురుగు రెట్ట కనిపిస్తే లోపల గొంగళి చేరిందనే అర్థం. ఒకదానికొకటి ఆనుకుని కాసిన కాయలైతే పక్కదానిలోకీ వెళ్లగలదు.

మందు కొడితే పోదా? గొంగళి కాయ లోపల ఉంటుంది, మందు పైనే ఆగుతుంది. పైగా నిటారు కొండల మీది ఎత్తైన చెట్లు, మనుషులు తినే గింజలు. మందు చల్లితే ఈ గొంగళిలో గుడ్లు పెట్టి దాన్ని చంపే చిన్న కందిరీగలు కూడా పోయే ప్రమాదం ఉంది.

నిజానికి పురుగు ఒక్కటే అయితే చెట్టు తట్టుకునేది. పైన్ చెట్లు ఒక ఏడాది విరగకాసి, మరో ఏడాది బాగా తక్కువ కాస్తాయి. కాపు తక్కువైన ఏడాది కాయల్లో పెద్ద భాగం పురుగు పాలవుతుంది, విరగకాసినప్పుడు దానికి పోగా గింజలు మిగులుతాయి. చిల్గోజా విషయంలో ఆ మిగులు నేలకు చేరడం లేదు. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో, కాయ విచ్చుకోకముందే దాదాపు అన్నీ కోసేస్తున్నారు. కాయ పక్వానికి రావడానికి రెండేళ్లు పడుతుంది కాబట్టి, కొమ్మలు నరికి దింపితే వచ్చే ఏటి పిందెలూ పోతాయి. గాలికి ఎగిరే రెక్క ఈ గింజకు దాదాపు లేదు. ఎలాగో మొలిచిన మొక్కను మేకలు మేస్తాయి. అడవిలో ముసలి చెట్లు ఉన్నంతగా లేత మొక్కలు లేకపోవడానికి కారణాలివే.

కిన్నౌర్ గ్రామాలకు ఈ కాయల మీద సంప్రదాయ హక్కు ఉంది. ఆ ఆదాయం వాళ్లకు చిన్నదేమీ కాదు. కోత మానమనడం అందుకే కుదరని మాట. బాగా కాసే కొన్ని చెట్లను గ్రామమే విత్తనానికి వదిలేయడం సాధ్యమైన పని. అయితే ఏవి వదులుతున్నారన్నది చూడాలి. మంచి కాయలన్నీ దింపుకుని, బంక కారుతున్నవి కొమ్మకు వదిలేస్తే మిగిలేది పురుగుకే. అలాంటి కాయలను ఏరి నాశనం చేయాలన్నా కోత రోజుల దాకా ఆగకూడదు. ఎదిగిన గొంగళి కాయను విడిచి, రాలిన ఆకుల కింద గూడు అల్లుకుని చలికాలం గడుపుతుందని ఐరోపా స్ప్రూస్ అడవుల్లో నమోదైంది. అది దిగిపోయాక కాల్చేది ఖాళీ కాయనే.