ఎందుకు పడిందో చెప్పాలి

2022 ఆగస్టు 7న శ్రీహరికోట నుంచి తొలిసారి లేచిన చిన్న రాకెట్టు ఎస్‌ఎస్‌ఎల్‌వీ, మూడు ఘన ఇంధన దశలూ సక్రమంగా మండినా ఉపగ్రహాలను నిలబెట్టలేకపోయింది. అది వాటిని వదిలిన కక్ష్య ఒకవైపు 356 కిలోమీటర్ల ఎత్తున ఉంటే, రెండోవైపు 76 కిలోమీటర్లకు దిగిపోయింది. అంత కిందికి వచ్చిన ఉపగ్రహాన్ని గాలి రాపిడి బతకనివ్వదు. లోపం ఇంధనంలో లేదు. రెండో దశ విడిపోయేటప్పుడు పుట్టిన అదురు, వేగంలో మార్పును కొలిచే యాక్సిలరోమీటర్లను కాసేపు గందరగోళపరిచింది. రాకెట్టులోని కంప్యూటరు అవన్నీ పాడైపోయాయని తేల్చుకుని, వాటి లెక్కలను పక్కనపెట్టి ముందుకు సాగింది. నిజానికి అవి బాగానే ఉన్నాయి. ఇస్రో ఈ సంగతంతా విడమరచి బయటపెట్టింది. దశలను విడదీసే ఏర్పాటును అదురు తగ్గేలా మార్చామనీ, పరికరం చెడిందని తేల్చే ముందు కంప్యూటరు మరికొంతసేపు ఆగేలా చేశామనీ చెప్పింది. 2023 ఫిబ్రవరి 10న అదే రకం రాకెట్టు మూడు ఉపగ్రహాలను 450 కిలోమీటర్ల కక్ష్యలో పెట్టింది.

ఒక దేశపు అంతరిక్ష కార్యక్రమం ఎంత ఎదిగిందో చూడాలంటే గెలిచిన ప్రయోగాల పట్టిక చాలదు. ఓడినప్పుడు కారణాన్ని ఎంత వివరంగా, ఎంత త్వరగా చెప్పిందన్నదే నాకు నమ్మదగిన కొలబద్దగా కనిపిస్తుంది. 1979లో ఎస్‌ఎల్‌వీ-3, 1987, 1988లలో ఏఎస్‌ఎల్‌వీ, 1993లో తొలి పీఎస్‌ఎల్‌వీ విఫలమయ్యాయి. అయినా ఆ వరుసలోంచే చంద్రుడి దాకా వెళ్లే సత్తా పుట్టింది. 2021 ఆగస్టులో జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 క్రయోజెనిక్ దశ మొరాయిస్తే, ద్రవ హైడ్రోజన్ ట్యాంకులో పీడనం తగ్గడానికి ఒక వాల్వు కారడమే మూలమని విశ్లేషణ కమిటీ తేల్చిన సంగతి జనానికీ తెలిసింది. 1993లో అమెరికా ఒత్తిడితో రష్యా ఇవ్వకుండా వెనక్కి తగ్గిన పరిజ్ఞానమది, మనం ఏళ్ల తరబడి సొంతంగా సాధించుకున్నది. అంత అపురూపమైన దాని విషయంలోనే దాపరికం లేదు.

అందుకే పీఎస్‌ఎల్‌వీ విషయంలో జరిగింది బాధ కలిగిస్తోంది. అరవైకి పైగా ప్రయోగాల్లో వేళ్లమీద లెక్కించదగిన వైఫల్యాలున్న రాకెట్టు అది. 2025 మే 18న సీ61 ప్రయోగంలో, ఘన ఇంధనంతో మండే మూడో దశలో పీడనం పడిపోయి ఈవోఎస్-09 ఉపగ్రహం దక్కలేదు. ఆ విశ్లేషణ నివేదిక ప్రజల ముందుకు రాకుండానే 2026 జనవరి 12న సీ62 లేచింది. మళ్లీ మూడో దశ ముగిసే వేళకే రాకెట్టు దారి తప్పింది. ఈసారి ప్రధాన ఉపగ్రహంతోపాటు మరో 15 చిన్న ఉపగ్రహాలున్నాయి. వాటిలో విదేశాలవీ, హైదరాబాద్‌కు చెందిన ధ్రువ స్పేస్ పంపినవీ ఉన్నాయి. రెండు వైఫల్యాలకూ ఒకే కారణమని నేను అనడం లేదు. కానీ మొదటిదాని కారణం బయటికొచ్చి ఉంటే, రెండోదాన్ని నమ్మి ఎక్కినవాళ్లు తాము ఎంత ప్రమాదానికి ఒప్పుకుంటున్నారో తెలుసుకుని ఎక్కేవారు.

ఈవోఎస్-09 దేశ భద్రతకూ పనికొచ్చే రాడార్ ఉపగ్రహమనీ, ఘన ఇంధన మోటారు పరిజ్ఞానం క్షిపణులకు దగ్గరిదనీ, అన్నీ బయటపెట్టలేమనీ కొందరంటారు. ఆ మాటలో నిజముంది. మోటారు కవచాన్ని ఎలా తయారుచేస్తారో, ఇంధనం పాళ్లేమిటో ఎవరూ అడగడం లేదు. లోపం తయారీలోదా, తనిఖీలో జారిపోయిందా, డిజైన్‌లోదా, ఏం సరిదిద్దారు అన్నంతవరకు చెబితే రహస్యమేదీ పోదు. లోపల సమీక్ష ఎలాగూ జరుగుతుంది కదా అన్నది మరో వాదన. జరుగుతుంది, అదీ నిష్ఠగానే జరుగుతుందని నమ్ముతాను. అయితే తయారుచేసేదీ, పరీక్షించేదీ, సరేననేదీ ఒకే ఇంట్లో ఉన్నప్పుడు, బయటి నిపుణుడి కంటికి అందని సమీక్షకు ఒక కన్ను తక్కువే.

చెబితే పోటీదారులు లాభపడతారని వ్యాపారం చేసేవాళ్లు అనవచ్చు. 2008 ఆగస్టు 3న స్పేస్‌ఎక్స్ ఫాల్కన్-1 వరుసగా మూడోసారి విఫలమైంది. ఇంజను ఆగిపోయాక మిగిలిన కాస్త తోపుడుకే కింది దశ ముందుకెళ్లి పై దశను ఢీకొట్టిందని ఆ కంపెనీయే కొద్దిరోజుల్లో చెప్పేసింది. విడదీసే ముందు మరికొన్ని సెకన్లు ఆగేలా మార్చి, సెప్టెంబర్ 28న కక్ష్యకు చేరింది. మన దగ్గర 2020లో ఏర్పడిన ఇన్‌స్పేస్, ప్రైవేటు ప్రయోగాలకు అనుమతులిస్తుంది. వైఫల్య కారణం ప్రకటించడాన్ని ఆ అనుమతిలోనే ఒక షరతుగా పెట్టవచ్చు, ఇస్రోకూ అదే నియమం వర్తింపజేయవచ్చు. 2022 నవంబర్ 18న విక్రమ్-ఎస్‌ను ఎగరేసిన హైదరాబాద్ సంస్థ స్కైరూట్, ఉపగ్రహాలను కక్ష్యకు చేర్చడానికి రూపొందించిన విక్రమ్-1లో మొదటి మూడు దశలూ ఘన ఇంధనంతోనే మండుతాయి. శ్రీహరికోట ఆకాశంలో ఘన ఇంధన దశ ఒకటి ఎందుకు మొరాయించిందో చదివి తెలుసుకోవలసిన అవసరం అక్కడి ఇంజనీర్లకు అందరికంటే ముందుంది.