చెరువు లోతు తామరకు తెలుసు!

చెరువు నిండా చక్రవాకాలు, క్రౌంచ పక్షులు. మధ్యలో ఓ తామర మొగ్గ, నీటిపైకి జానెడు ఎత్తున నిలబడి ఉంది. గాలి వీచింది. మొగ్గ మెల్లగా ఒరిగి, రెండు మూరల అవతల నీట మునిగింది. మరి చెరువు లోతెంత?

1150లో భాస్కరాచార్యుడు 'లీలావతి'లో అడిగిన ప్రశ్న ఇది. నీళ్లలోకి దిగక్కర్లేదు. కాగితం, పెన్సిలు చాలు.

పదో తరగతి పిల్లల్ని అడిగితే పైథాగరస్ సిద్ధాంతం అంటారు. నిజమే. చెరువు లోతు, నీటిమట్టం, ఒరిగిన కాడ... మూడూ కలిస్తే లంబకోణ త్రిభుజం. కాడే కర్ణం. లోతును 'ఎక్స్' అనుకుని సమీకరణం రాస్తే జవాబొస్తుంది. కానీ చాలామంది ఎక్స్ వెంట పడి బొమ్మను మరిచిపోతారు. లెక్కంటే భయం మొదలయ్యేదీ అక్కడే.

దాగున్న వృత్తం

మన పూర్వీకులు ఇంకో దారి చూశారు. కాడ మొదలు కదలదు, పొడవు మారదు. అంటే మొగ్గ కొస తిరిగేది వృత్తంలోనే! కాడ మొదలు కేంద్రం, కాడ వ్యాసార్ధం, నీటిమట్టం ఒక జ్యా. నిటారు కాడను కిందికి అంతే పొడవు పొడిగిస్తే వ్యాసం. దాన్ని నీటి గీత రెండు ముక్కలు చేస్తుంది. ఆ ముక్కల లబ్ధం, సగం జ్యా వర్గానికి సమానమని 499 నాటి 'ఆర్యభటీయం' చెబుతోంది. 629లో దానికి వ్యాఖ్యానం రాసిన మొదటి భాస్కరుడు ఈ సూత్రంతోనే తామర లెక్కలు చేసి చూపించాడు.

ఎందుకలా? వ్యాసం కొసలు రెంటినీ మొగ్గ మునిగిన చోటుతో కలపండి. అర్ధవృత్తంలో కోణం 90 డిగ్రీలే కదా! ఆ పెద్ద త్రిభుజాన్ని నీటి గీత రెండు సరూప త్రిభుజాలుగా చీలుస్తుంది. రెంటిలోనూ భుజాల నిష్పత్తి ఒకటే.

ఇక లెక్క నోటితోనే చేయొచ్చు. సగం జ్యా 2 మూరలు, దాని వర్గం 4. పై ముక్క జానెడు, అంటే అర మూర. 4ను అరతో భాగిస్తే కింది ముక్క 8 మూరలు. వ్యాసం ఎనిమిదిన్నర. అందులో సగం నాలుగుంబావు, అదే కాడ పొడవు. అర మూర తీసేస్తే లోతు మూడు ముప్పావు మూరలు.

కాబట్టి పిల్లలు లెక్క దగ్గర ఆగిపోతే సూత్రం అడగొద్దు. 'ఇందులో మారని పొడవేది?' అని అడగండి. వృత్తం దానంతటదే కనబడుతుంది.

ఈ ఆదివారం ఇంటిల్లిపాదికీ ఓ పరీక్ష. చైనావారి ప్రాచీన గణిత గ్రంథం 'తొమ్మిది అధ్యాయాలు'లోదిది. 10 అడుగుల చదరపు కొలను నడుమ ఓ రెల్లు, నీటిపైకి అడుగు ఎత్తుంది. గట్టు మధ్యకు లాగితే కొస సరిగ్గా గట్టును తాకింది. లోతెంత?

12 అడుగులు వచ్చిందా... అయితే వృత్తం మీకు చిక్కినట్టే!