రాయి మీద నూనె, నీళ్ళ తగాదా

చిత్రకళా ప్రదర్శనకు మీరెప్పుడైనా వెళ్ళారా? కొన్ని బొమ్మల పక్కన ‘ఒరిజినల్ లితోగ్రాఫ్’ అన్న చీటీ ఉంటుంది. బొమ్మ అంచున పెన్సిలుతో 7/25 అని వేసి, చిత్రకారుడు సంతకం చేసి ఉంటాడు. అంటే తీసిన 25 ప్రతుల్లో ఇది ఏడవదన్నమాట. మరి పాతిక ప్రతులుంటే అసలు బొమ్మ ఏది? ఈ సందేహం మీకు రావాలి!

జవాబు రాతిలో ఉంది. గ్రీకు భాషలో లితోస్ అంటే రాయి. అయితే ఏ రాయి పడితే అది పనికిరాదు. తార్నాకలో బస్సు దిగి ఉస్మానియా విశ్వవిద్యాలయంలోకి నడవండి. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ గోడను తాకి చూడండి. అది గ్రానైటు. దాని మీద ఈ విద్య సాగదు. తిరిగి తార్నాక వచ్చి, ఏ పాత ఇంటి వసారాలోనో పరచిన షాబాదు బండలు చూడండి. అవి సున్నపురాయి. మనకు కావలసింది ఆ జాతి రాయే. కాకపోతే రేణువులు మరీ సన్నగా ఉండాలి. జర్మనీలోని సోల్న్‌హోఫెన్ రాయి ఇందుకు పేరు పొందింది. ఆ రాతిలో దొరికిన ఆదిమ పక్షి శిలాజానికి 1861లో ఆర్కియోప్టెరిక్స్ లితోగ్రాఫికా అని పేరు పెట్టారు!

పనికిరాని షాబాదు ముక్క ఒకటి తెచ్చి, కడిగి ఆరబెట్టండి. కొవ్వొత్తితో ఆవు బొమ్మ గీసి తడిగుడ్డతో తుడవండి. రాయంతా తడుస్తుంది, గీతల మీద మాత్రం నీరు నిలవదు. మ్యూనిక్ నగరంలో సెనెఫెల్డర్ అనే నాటక రచయిత తన నాటకాలను చౌకగా అచ్చు వేసుకునే దారి వెతుకుతూ, 1798 నాటికి ఈ తగాదానే ముద్రణకు వాడుకున్నాడు.

చిత్రకారుడు మైనం, సబ్బు, కొవ్వు, మసి కలిపిన బలపంతో రాతి మీద గీస్తాడు. దానిపై తుమ్మజిగురులో కొద్దిగా నత్రికామ్లం కలిపి పూస్తారు. కొవ్వులోని ఆమ్లాలు రాతిలోని కాల్షియంతో కలిసి, నీటిలో కరగని సబ్బుగా మారి అక్కడే అంటుకుపోతాయి. గీత లేనిచోట జిగురు పొర నీటిని పట్టి ఉంచుతుంది. రాతిని తడిపి, నూనె సిరా పూసిన రోలరు దొర్లిస్తే, సిరా గీతలకే అంటుతుంది. కాగితం పరచి ఒత్తితే బొమ్మ కుడి ఎడమలు మారి పడుతుంది. చెక్కడం లేదు, ఎత్తుపల్లాలు లేవు, అంతా రసాయన శాస్త్రమే! (నూనెలు, కొవ్వుల మీద పరిశోధన చేసే ఐ.ఐ.సి.టి. కూడా తార్నాకలోనే ఉంది సుమా.) హైదరాబాదు ఉర్దూ పత్రికలు చాలాకాలం కాతిబులు చేత్తో రాయగా ఈ పద్ధతిలోనే వెలువడ్డాయి.

ఇక అసలు, నకలు సంగతి. రవివర్మ 1894లో బొంబాయిలో శిలాముద్రణాలయం పెట్టాడు. ఆయన తైలవర్ణ చిత్రాలను చూసి పనివారు రాళ్ళ మీదికి దించేవారు. అవి నకళ్ళు. మంచి నకళ్ళే అనుకోండి. పికాసో అలా కాదు. 1945 డిసెంబరులో పారిస్‌లోని మూర్లో ముద్రణాలయంలో తానే రాతి మీద ఎద్దును గీశాడు. అదే రాతి మీద గీకుతూ, మారుస్తూ, పదకొండు దశల్లో దాన్ని కొద్దిపాటి గీతలకు తెచ్చాడు. ఆ ఎద్దుకు వేరే మూలచిత్రం ఎక్కడా లేదు. కాగితం మీద పడిన ప్రతి ఒక్కటీ అసలే! మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్ ఎచింగులదీ ఇదే లెక్క. అక్కడ రాయికి బదులు లోహపు రేకు.

ఈసారి ప్రదర్శనకు భూతద్దం తీసుకువెళ్ళండి. మామూలు పోస్టరులో చుక్కలు వరసలు తీరి కనిపిస్తాయి. లితోగ్రాఫులో బలపపు గీత రాతి గరుకును బట్టి చెదిరి ఉంటుంది. ఆ రాయి కోసం మాత్రం వెతకకండి. ప్రతులు తీయడం అయ్యాక రాపిడి పొడితో దాన్ని అరగదీసి, మరో చిత్రకారుడికి ఇచ్చేస్తారు.